ఎదుటి ఒడ్డున బంతి ఆట

మస్సెల్ పాయింట్,
యార్మత్ కౌంటీ, నోవా స్కోషియా.
సెప్టెంబరు 18, 1994

చెల్లెలు ఆర్లీన్‌కు అక్క బ్యూలా ప్రేమతో, కాస్త కోపంతో రాసేది.

ఇక్కడ నేనూ, రెండు కుక్కలూ, వంటింటి పైకప్పూ క్షేమం. పైకప్పు కారుతూనే ఉంది, కానీ ఇంకా కూలలేదు కాబట్టి క్షేమం కిందే జమ. నీ క్షేమం నువ్వు రాసి తెలియజేసే రకం కాదు గనక, పొద్దున లేవగానే పాయకి అవతల ఉన్న నీ పొగగొట్టం వైపు చూసి నేనే తెలుసుకుంటున్నాను. పొగ లేస్తే మా ఆర్లీన్ లేచిందనుకుంటాను. మొన్న మంగళవారం చాలాసేపు పొగ రాలేదు. పొగ లేచేదాకా నేను కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. ఇకమీదట ఆలస్యంగా లేవదలుచుకుంటే ముందురోజే చెప్పి చావు.

ఫోన్ చేస్తే ఎత్తవు. పోస్టులో వేద్దామంటే, కళ్ళెదురుగా ఉన్న నీ ఇంటికి ఈ ఉత్తరం హాలిఫాక్స్ దాకా ఊరేగి వెనక్కి రావాలి. అందుకని ఆన్సెల్మ్ సురెట్ పడవలో పంపుతున్నాను. వాడు ఎలాగూ రోజూ నీ ఒడ్డు పక్కనుంచే పోతాడు కదా. ఉత్తరంతో పాటు పచ్చి టమాటా ఊరగాయ సీసా ఒకటి ఉంది. పోయినసారి సీసా శుభ్రంగా కడిగి ఖాళీగా తిప్పి పంపావు. ఒకరింటి సీసా ఖాళీగా పంపకూడదని అమ్మ మనిద్దరికీ ఒకే చెంపదెబ్బతో నేర్పింది. నువ్వు మర్చిపోయావంటే నమ్మను. కోపంతో పంపావని సరిపెట్టుకుందామంటే, నీ కోపం నా మీద కాదు. నా బాధంతా అదే.

కొత్త కబురు ఏమిటంటే, ఇంట్లోకి పిల్ల వచ్చింది. పేరు టాన్సీ. ఆన్సెల్మ్ వాళ్ళ కుక్క పెట్టిన ఈతలోది. నాన్న పెంచిన జాతే. అదే ఎర్రటి ఒళ్ళు, ఛాతీ మీద అదే తెల్ల మచ్చ. తోక చూస్తే నక్కలు కూడా కుళ్ళుకోవాలి. దాన్ని దింపడానికి వచ్చిన రోజు ఆన్సెల్మ్ ఎక్కడిదో నిమ్మకాయంత రబ్బరు బంతి తీసి దాని ముందు వేశాడు. నేను గబుక్కున కాలితో తొక్కిపట్టి, నీకు కళ్ళున్నాయా, ఇది దాని గొంతులో బిరడాలా బిగుసుకుంటే నీ వేలు పెట్టి తీస్తావా అని అరిచాను. ఏంటి బ్యూలక్కా, బంతి ఇస్తే బాంబు ఇచ్చినట్టు అరుస్తావు అన్నాడు. నోట్లో పట్టాలి గానీ గొంతులోకి దిగకూడదు, ఇన్నేళ్ళు కుక్కల్ని సాకి ఆ మాత్రం తెలియదట్రా అన్నాను. తెలుసులే, నువ్వు ఎవర్నీ తిట్టి చాలా కాలమైంది కదా, నోరు తుప్పు పడుతుందేమోనని తెచ్చాను అన్నాడు వెధవ. నవ్వొచ్చింది. వాడు వెళ్ళాక ఏడుపొచ్చింది. ఈ ఇంట్లో నేను రోజూ తిట్టేది నిన్నే కదా.

దానికి పెద్ద బంతి కొన్నాను. నున్నటి రబ్బరుది, పిడికిలికి పట్టదు. టెన్నిస్ బంతులు మానేశాను. వాటి బొచ్చులో ఇసుక చేరి ఆకురాయిలా తయారవుతుంది. మన ముసలి కుక్క స్కిప్పర్ పళ్ళు ఎలా అరిగిపోయాయో నువ్వూ చూశావు. టాన్సీకి ఇంకా ఏడాది నిండలేదు, కీళ్ళు కుదురుకోలేదు, కాబట్టి విసరడం అసలు లేదు. నేల మీద దొర్లించడమే. ముందు ఇంటి చుట్టూ నడిపించి, ఒళ్ళు వేడెక్కాక గానీ బంతి బయటికి తీయను. మెడపట్టీ పట్టుకుని, బంతి దొర్లి దొర్లి ఆగాకే దాన్ని వదులుతాను. ఉరికే బంతిని తరిమితే ఒక్కసారిగా కాళ్ళు తన్నిపెట్టి ఆగబోయి మెలి తిరుగుతుంది. ఆగిన బంతి దగ్గరికైతే తల వంచుకుని, చర్చికి వెళ్ళే పిల్లలా మర్యాదగా పోతుంది. ఇంకా కావాలని నా మొహంలోకి చూస్తుండగానే బంతి జేబులో వేసేసుకుంటాను. ఇక చాలు అనడం ఈ జాతికి పుట్టుకతో రాదు. వాటి తరఫున మనమే అనాలి.

ఇవన్నీ నీకు తెలియవని కాదు. వీటిలో సగం నువ్వు చెప్పినవే. కానీ పొద్దున్నుంచి జరిగింది చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేదు. అందుకని రాస్తున్నాను.

పోయిన నవంబరు సంగతి ఎత్తకూడదనే కూర్చున్నాను. ఎత్తకుండా రాస్తే ఉత్తరం నిండా వాతావరణమే ఉండేట్టుంది. ఆ పొద్దున మనిద్దరం కొమ్మల దడి వెనక ఉన్నాం. నా చేతిలో తుపాకీ, నీ చేతిలో బంతి, ఎప్పటిలాగే. కుక్క ఆట చూసి దగ్గరికి రావాల్సిన నల్లబాతుల గుంపు దూరాన నీళ్ళ మీద ఆగి, రావాలా వద్దా అని నాన్చుతోంది. ఈలోగా నీళ్ళు వెనక్కి తీశాయి, రాళ్ళ మీద నాచు బయటపడింది. దడి వెనక ఉన్న మనిషికి ఆ చోటు కనపడదు, నాకైనా కనపడదు. బాతుల కంటపడాలని నువ్వు బంతి కాస్త ఎత్తుగా వేశావు. స్కిప్పర్ దాన్ని గాల్లోనే అందుకోవాలని ఎగిరి, మెలి తిరిగి, నాచు మీద పడ్డాడు. వెనక మోకాలి నరం తెగింది. ఆ చప్పుడు విన్నానని నువ్వంటావు. నేను వినలేదు. నేను చూసింది ఒక్కటే. వాడు మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ వచ్చి, ఆ బంతిని తెచ్చి నీ ఒళ్ళో పెట్టాడు.

డాక్టరు కాలు కోసి కుట్టాడు. నువ్వు ఏడుస్తావని చూశాను. ఏడవలేదు, గిన్నెలు సర్దుకున్నావు. నా చెయ్యి మంచిది కాదక్కా, దీన్ని కుక్కలకి దూరంగా పెట్టాలి అన్నావు. ఖాళీగా పడి ఉన్న ఎల్సీ పిన్ని కాటేజీకి వెళ్ళిపోయావు. అది కూడా సరిగ్గా మన ఎదుటి ఒడ్డుకి! వెళ్ళదలుచుకున్నదానివి ఏ టొరంటోకో పోవాల్సింది. కళ్ళెదుట ఉండి కంటికి కనపడకుండా బతకడం ఎక్కడి న్యాయమే?

ఇది చదివి, నిన్ను రమ్మంటున్నానని అనుకునేవు. రమ్మనడం లేదు. ఊరికే ఇంటి కబుర్లు చెబుతున్నాను.

నీ అక్క,
బ్యూలా

ఆన్సెల్మ్‌కి టీ ఇచ్చి పంపు. వాడికి చక్కెర ఎక్కువ పడాలి.


మస్సెల్ పాయింట్,
అక్టోబరు 11, 1994

ఆర్లీన్‌కు,

నువ్వు బాగుండాలని నిన్న భోజనం ముందు గట్టిగానే ప్రార్థన చేశాను. గాలి నీ వైపే వీచింది, నీకు వినపడే ఉంటుంది. సీసా మళ్ళీ ఖాళీగా వచ్చింది. మూత మాత్రం బిగించి పంపావు. లోపల ఏముందని కాపలా?

నిన్న థాంక్స్‌గివింగ్‌కి ఆన్సెల్మ్, వాళ్ళావిడ రోజ్‌మరీ వచ్చారు. ఆవిడ పెద్ద పళ్ళెం నిండా వాళ్ళ దుంపల వంటకం, రాపీ పై చేసుకొచ్చింది. మీ ఇంగ్లిషువాళ్ళకి బంగాళాదుంపని తురిమి, రసం పిండి వండటం రాదు, ఉడికించి ఊరుకుంటారు అని ఆవిడ ఎప్పటిలాగే ఎత్తిపొడిచింది. మీ ఫ్రెంచివాళ్ళకి దాన్ని అలా వదిలెయ్యడం చేతకాదు అని నేనూ ఎప్పటిలాగే అన్నాను. ఈ మాట తర్వాత ప్రతి ఏడూ నువ్వు ఏదో ఒకటి అని అందర్నీ నవ్వించేదానివి. నిన్న అక్కడ మాట ఆగిపోయింది. రోజ్‌మరీ గ్రేవీ గిన్నె నా వైపు జరిపింది.

వేట కాలం మొదలైంది. టాన్సీ ఇంకా చిన్నది, ఈ ఏడు దాన్ని పనిలో పెట్టను. బంతి మీద మనసు నిలపడం నేర్చుకుంటే చాలు. చోటు కూడా మార్చాను. పాత దడి దగ్గర రాళ్ళూ నాచూ ఎక్కువ కదా, అక్కడికి ఇక ఏ కుక్కనీ తీసుకెళ్ళదలుచుకోలేదు. ఇసుక గట్టిగా, చదునుగా ఉండే చోటు వెతికితే మన ఒడ్డంతటికీ ఒక్కటే కనపడింది. అది నీ వంటింటి కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉంది. నేనేం చెయ్యను, దేవుడు ఇసుక అక్కడ పోశాడు.

పొద్దున్నే నీళ్ళు తీశాక ముందు నేనొక్కదాన్నే వెళ్ళి, గాజు పెంకులూ గుల్లలూ ఉన్నాయేమోనని ఇసుక అంతా నడిచి చూసుకుంటాను. ఆ తర్వాతే పిల్లని తీసుకెళ్తాను. అది నోట్లోది ఒక పట్టాన ఇవ్వదు. గుంజితే ఆట అనుకుంటుంది. అందుకని గుంజను. రెండో బంతి తీసి నా చేతుల్లో నేనే ఆడుకుంటాను. దానికి కుళ్ళు పుట్టి మొదటిది వదిలేస్తుంది. కర్రలు మాత్రం విసరను, ఎవర్నీ విసరనివ్వను. నేలలో గుచ్చుకుని నిలబడ్డ కర్ర మీదికి కుక్క ఉరుకున వచ్చి పడితే ఏమవుతుందో డెల్బర్ట్ బాబాయి కుక్కని చూశాక ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. నిన్న ఆన్సెల్మ్ అలవాటుగా ఒడ్డున కొట్టుకొచ్చిన కర్ర ఎత్తాడు. నేను ఒక్క చూపు చూశాను. ఎత్తినవాడు ఎత్తినట్టే దాన్ని చేతికర్ర చేసుకుని, నడుం నొప్పి అక్కా అంటూ వెళ్ళిపోయాడు.

నిన్న భోజనాలయ్యాక నాన్న మాటలు వచ్చాయి. ఆయన బాతుల్ని రప్పించే పద్ధతి రోజ్‌మరీకి ఎన్నిసార్లు విన్నా వింతే. దడి వెనక దాక్కుని బంతి వేస్తూ ఉంటే కుక్క ఒడ్డున అటూ ఇటూ పరుగులు పెట్టడం, దూరాన నీళ్ళ మీద బాతులు మెడలు సాచి, ఆ ఎర్రటిది ఏం చేస్తోందో చూద్దామని తమంతట తామే ఈదుకుంటూ దగ్గరికి రావడం. కుక్క వాటివైపు కన్నెత్తి చూడకూడదు. మనం కిక్కురుమనకూడదు. పక్క ఊరివాళ్ళు బాతు కూతల పీకలు ఊదుతుంటే నాన్న పకపకా నవ్వేవాడు గుర్తుందా? పిలవకండే, పిలిస్తే వాటికి అనుమానం వస్తుంది, మీ పాటికి మీరు ఆడుకోండి, అవే వస్తాయి అనేవాడు. పిలిచిన ప్రతిసారీ నా నెత్తిన మొట్టేవాడు. నాకు చిన్నప్పటి నుంచీ ఓపిక తక్కువ.

ఓపిక నీది. చెయ్యి భుజం పైకి లేపకుండా నడుం దగ్గర్నుంచే వేసేదానివి. బంతి దడి సందులోంచి దూరి, నేలని రాసుకుంటూ పోయి, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగేది. ఎవర్నీ మెచ్చుకోని మనిషి నాన్న, చర్చి మెట్ల మీద నలుగురిలో నిలబడి, మా పెద్దది బాతుల్ని చూస్తుంది, మా చిన్నది నేలని చూస్తుంది, కుక్క బతికేది నేల మీదే కదా అన్నాడు. ఆ మాటకి నేను వారం రోజులు నీతో మాట్లాడలేదు. జీవితమంతా నేలబారుగా వేసినదానివి ఒక్కసారి ఎత్తుగా వేశావు. ఆ ఒక్కటి వేసిందే నీ చెయ్యి అయితే మిగతావన్నీ వేసింది ఎవరి చెయ్యే?

స్కిప్పర్ గురించి అడగవు గానీ చెబుతాను. కాలు అతికింది. మెట్లు ఎక్కలేడు. పొద్దున మేం ఒడ్డుకి వెళ్ళేటప్పుడు వాడూ వెంట వచ్చి ఇసుక మీద పడుకుంటాడు. నోట్లో పోయిన నవంబరు నాటి ఆ బంతే. గడ్డం కింద పెట్టుకుని నీ ఇంటి వైపు చూస్తూ ఉంటాడు. టాన్సీకి చేసినట్టు రెండో బంతి చూపించాను, మాంసం ముక్క చూపించాను. ఊహూ. ఇవ్వరా అంటే నా వైపు జాలిగా చూస్తాడు, ఇది నీది కాదుగా అన్నట్టు. వాడు నీ మీద కోపంగా ఉంటాడని నువ్వు అనుకుంటున్నావేమో. వాడు కోపంగా ఉంటే నేను ఈపాటికి వాడిని ఓదార్చి ఉండేదాన్ని. ఎదురుచూసేవాడిని ఎలా ఓదార్చాలో నాకు తెలియడం లేదు, ఆర్లీన్. నాకే చేతకాని పని వాడికేం నేర్పను.

పోతూ పోతూ ఆన్సెల్మ్ ఇంకో మాట నా చెవిన వేసి పోయాడు. పోయిన చలికాలంలా పైపులు గడ్డకట్టకుండా ఈసారి ముందే ఎల్సీ పిన్ని కాటేజీ మూసేస్తారటగా. నువ్వు డార్ట్‌మత్‌లో పిన్ని కూతురు ఫిలిస్ ఇంటికి పోతావటగా. అక్కడ వాళ్ళు నిన్ను బాగానే చూసుకుంటారు. వాళ్ళది నాలుగో అంతస్తు. నాకు నీ పొగగొట్టం కూడా ఉండదు.

నా భుజం కాస్త పట్టేసినట్టు ఉంది. ఈ మధ్య బంతి అనుకున్న చోటికి పోవడం లేదు. పెద్దగా ఏం కాదులే.

రమ్మనడం లేదు. మళ్ళీ చెబుతున్నాను.

నీ అక్క,
బ్యూలా


మస్సెల్ పాయింట్,
నవంబరు 20, 1994

నా ఆర్లీన్‌కు,

అందరం బతికే ఉన్నాం. చలి ముదిరింది. నువ్వు పొయ్యిలో తడి కట్టెలు వేస్తున్నావు. పొగ రంగు చూస్తేనే తెలుస్తోంది. కట్టెలు ఆ ఉత్తరపు గోడ వైపు పేర్చకని చెప్పే మనిషి దగ్గర లేకపోతే ఇలాగే ఉంటుంది.

మొన్న ఆన్సెల్మ్ నీ దగ్గర్నుంచి తిన్నగా మన ఒడ్డుకి వచ్చాడు. పడవ కట్టకముందే, బ్యూలక్కా, నీకో కబురు, ముందు టీ పెట్టు అని కేకేశాడు. కబురు చెప్పాకే టీ అన్నాను. నువ్వు చలిమంటకి పుల్లలు చీలుస్తున్నావట. వాడు సీసా అందించబోతే తీసుకోకుండా, ఏంటయ్యా ఆన్సెల్మ్, మా అక్కకి గానీ మతిపోయిందా, ఆ బంతి అలా ఆకాశానికి వేస్తోందేంటి, ఆ పిల్లకి ఇంకా ఏడాదైనా నిండలేదు, మోకాళ్ళు పోగొడితే గానీ ఊరుకోదా, నేలబారుగా వెయ్యమను అన్నావట. నువ్వే వచ్చి చెప్పరాదూ అని వాడంటే మొహం మీదే తలుపు వేశావట. వాడు మెట్లు దిగుతుంటే మళ్ళీ తలుపు తెరిచి, బంతి ఆగాక వదలమను, ముందు కాదు అని అరిచావట.

ఏడాది తర్వాత నీ దగ్గర్నుంచి నాకు వచ్చిన మొదటి మాట అది. ఆన్సెల్మ్ చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాను. వాడు ఉత్సాహం వచ్చి నీ గొంతు పెట్టి చెప్పబోతే వీపు మీద ఒక్కటి వేశాను. నీ గొంతు నాకు గుర్తుంది, వాడు పాడు చెయ్యక్కర్లేదు. టీ పెట్టాను. వాడు వెళ్ళాక వంటింట్లో కూర్చుని, మతిపోయిందా అన్న నీ మాట తలుచుకుంటూ ఎంతసేపు ఉన్నానో తెలియదు. పొయ్యి ఆరిపోయింది. అంత తియ్యటి తిట్టు నేను ఈ మధ్య వినలేదు.

ఒకటి అడుగుతాను. పిల్లకి ఏడాది నిండలేదని నీకెలా తెలుసు? ఆ సంగతి నేను రాసింది మొదటి ఉత్తరంలోనే. చదవకుండా పొయ్యిలో పడేస్తున్నావేమోనని ఇన్నాళ్ళూ భయపడ్డాను. సరే, తెలిసింది. ఇక ఏమీ అనను.

నువ్వు చెప్పినట్టు నేలబారుగా వెయ్యాలని నాకూ ఉంది. భుజం లేవడం లేదు, లేచిందంటే దిగడం లేదు. అందుకే బంతి అలా పోతోంది. పట్టు తప్పిన చేత్తో బంతి ఆడించకూడదని నాకు తెలుసు. ఎవరైనా సరైన చెయ్యి ఉన్న మనిషి దొరికితే పిల్లని అప్పగిద్దామని చూస్తున్నాను. ఊళ్ళో అడిగాను. ఒకడు ఎంత దూరం వేస్తే అంత గొప్ప అనుకుంటాడు, ఇంకొకడు అది నాలుక వేలాడేసి రొప్పుతున్నా ఆపడు. ఆన్సెల్మ్ వేస్తే బంతి పడవలో పడుతుంది.

ఈ నెలాఖరు సోమవారం లాబ్‌స్టర్లు పట్టే పడవలు బయల్దేరతాయి. అప్పట్నుంచి ఆన్సెల్మ్ చీకటితో సముద్రం మీదికి పోయి చీకటి పడ్డాక వస్తాడు. ఇక ఉత్తరాలు మోయడం కుదరదని చెప్పాడు. బోనులు ఒడ్డున పేర్చి, తాళ్ళు చుట్టి పెట్టుకున్నాడు. కాబట్టి వాడి చేత పంపే ఉత్తరాల్లో ఇదే ఆఖరిది. నువ్వు దానికి ముందు శుక్రవారమే ఫిలిస్ కారెక్కుతావని కూడా చెప్పాడు.

స్కిప్పర్ అన్నం సగమే తింటున్నాడు. డాక్టరు చేత్తో వాడి పొట్ట నిమిరి, వసంతం దాకా ఆశ పెట్టుకోకమ్మా అన్నాడు. నొప్పి లేదట, వయసు అట. వాడిని ఒడ్డుకి ఎత్తుకెళ్తున్నాను. తేలికైపోయాడు. దుప్పటి పరిచి పడుకోబెడితే, ముందు బంతి ఎక్కడుందో చూసుకుని, గడ్డం కిందికి లాక్కుని, ఆ తర్వాత నీ కిటికీ వైపు తిరుగుతాడు.

కారు డార్ట్‌మత్ వైపు తిరిగేచోట మన రోడ్డు కూడా కలుస్తుంది. ఆ సంగతి నీకు తెలియనిది కాదు. నేనేమీ అనడం లేదు. వెళ్ళేముందు కట్టెలు మిగిలితే ఆన్సెల్మ్‌కి ఇచ్చెయ్యి. ఒంట్లో జాగ్రత్త. ఫిలిస్ ఇంట్లో టీ పల్చగా ఉంటుంది, సర్దుకో.

నీ అక్క,
బ్యూలా

మరొక్క మాట.

కవరు అంటించి, మళ్ళీ చింపాను. పైన రాసిన వాటిలో కొన్ని అబద్ధాలు ఉన్నాయి. వాటితో ఈ ఉత్తరం పంపలేను.

నా భుజానికి ఏమీ కాలేదు. గుర్రంలా ఉంది.

ఆ ఇసుక మీదికి బాతులు రావు. అక్కడ వాటికి తిండి లేదు, నీకూ తెలుసు. నేను అక్కడికి వచ్చింది నీ కిటికీ కోసం. అక్టోబరు అంతా పిల్లని నీకు కనపడేట్టు ఆడించాను. నేలబారుగా, ఆగాక వదులుతూ, అన్నీ నువ్వు నేర్పినట్టే. నీ కిటికీ తెర కదల్లేదు. అప్పుడు అర్థమైంది, నేను సరిగ్గా చేసినంతకాలం నువ్వు నోరు విప్పవని. అందుకని ఈ నెలలో గడ్డి దిబ్బ వెనక్కి మారి, బంతి ఎంత పైకి పోతే అంత పైకి వేశాను. తప్పు విసురు చూసి నువ్వు ఊరుకోలేవు, పుట్టినప్పట్నుంచీ అంతే. నీకు అక్కడ్నుంచి బంతి కనపడుతుంది గానీ కింద ఏముందో కనపడదు. టాన్సీ ఒక్కరోజు కూడా అక్కడ లేదు. దాని మోకాళ్ళకి ఏమీ కాలేదు, ఆ పూటల్లో అది వంటింట్లో పొయ్యి దగ్గర నిద్రపోతోంది. బంతి విసిరింది నేను. వెళ్ళి తెచ్చుకున్నదీ నేనే, నాన్న రబ్బరు బూట్లు వేసుకుని. ఒకరోజు ఆన్సెల్మ్ పడవలోంచి చూసి, బ్యూలక్కా, కుక్క ఏదీ అన్నాడు. నేనే అన్నాను. వాడు నవ్వలేదు. టోపీ తీసి పట్టుకుని వెళ్ళిపోయాడు.

రమ్మనడం లేదని రాసిన ప్రతిసారీ అదీ అబద్ధమే. నాన్న చెప్పినట్టు పిలవకుండా, నా పాటికి నేను ఆడుకుంటూ ఉంటే నువ్వే వస్తావనుకున్నాను. నువ్వు మెడ సాచి చూశావు, దగ్గరికి రాలేదు. శుక్రవారం నువ్వు వెళ్ళిపోతున్నావు. బాతుల విషయంలో ఆయన మాట నిజమే. నీ విషయంలో ఇక నేను ఆయన మాట వినను. కావాలంటే పైనుంచి నా నెత్తిన మొట్టమను.

పిలుస్తున్నాను, ఆర్లీన్. ఇంటికి రా. వాడి దగ్గర్నుంచి ఆ బంతి తీసుకో.

సీసా ఖాళీగా తెచ్చినా ఏమీ అనను.